కొండ కింద ఊరికి ఫైబర్ నెట్ పెట్టించుకోవచ్చా? పదకొండు నెలలు వాడాక రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, ఆపరేటర్ పేరు రాయను. మా ఊళ్లో ఉన్నది ఆ ఒక్కరే, రేపు వైరు తెగితే మళ్లీ ఫోన్ చేయాల్సింది వాళ్లకే. ఊరి పేరు కూడా వద్దులెండి. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో పేరేచర్ల చుట్టుపక్కల కొండ, రాయిని కంకర కొట్టే క్రషర్లు, వేపచెట్ల ఆకుల మీద కూడా తెల్లగా డస్ట్ కనిపించే ఊళ్లు ఉంటాయి కదా, వాటిలో ఒకటి అనుకోండి. అలాంటి ఊళ్లో ఉంటూ ఫైబర్ కనెక్షన్ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా. టౌన్‌లో ఉన్నవాళ్లకి ఇందులో సగం విషయాలు వింతగా అనిపిస్తాయి.

మాది గుంటూరు పట్టాభిపురం. మావయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్తయ్య ఒక్కరే చూసుకోలేకపోతున్నారని నేనూ మావారూ ఊరికి మారాం. ఆయన క్రషర్ దగ్గర లోడు తూచే కాటా ఆఫీసులో లెక్కలు చూస్తారు. నాది మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రికార్డులకి కోడ్ నంబర్లు వేసే పని), ఇంటి నుంచే పని, పొద్దున తొమ్మిదికి ఆఫీస్ సర్వర్‌కి కలిపే వీపీఎన్‌లోకి లాగిన్ అయితే సాయంత్రం ఆరు దాకా అది తెగకూడదు. నాకు సినిమాలు డౌన్‌లోడ్ అవ్వక్కర్లేదు, తొమ్మిది గంటలు తెగకుండా ఉండే లైను కావాలి. ఈ రివ్యూ మొత్తం ఆ లెక్కలోనే చదవండి.

మొదటి నెల ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చాను. మేడ మీద వాటర్ ట్యాంక్ పక్కన ఒక మూల మాత్రమే సిగ్నల్ వచ్చేది, అక్కడ ప్లాస్టిక్ స్టూలు మీద ఫోన్ పెట్టి, కింద గదిలో లాప్‌టాప్ ముందు నేను కూర్చునేదాన్ని. కాకి వచ్చి ఫోన్‌ని పొడిచిన రోజు కూడా ఉంది. స్పీడ్ రెండు, మూడు ఎంబీపీఎస్. దీన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చా అంటే, అనొచ్చట. కేంద్ర టెలికాం శాఖ 2023లో మార్చిన నిర్వచనం ప్రకారం 2 ఎంబీపీఎస్ వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. అంతకుముందు 512 కేబీపీఎస్‌కే ఆ పేరు ఉండేది. అంటే ట్యాంక్ పక్కన స్టూలు మీద ఉన్న నా ఫోన్ కూడా కాగితాల్లో బ్రాడ్‌బ్యాండ్ అన్నమాట.

తర్వాత ఎయిర్‌ఫైబర్ ప్రయత్నించాం. పెద్ద కంపెనీలు 2023 నుంచి అమ్ముతున్నాయి చూడండి, మేడ మీద ఒక డబ్బా బిగించి 5జీ సిగ్నల్‌ని ఇంట్లో వైఫైగా ఇచ్చేది, అదే. టెక్నీషియన్ వచ్చాడు, మేడ నాలుగు మూలలా తిరిగాడు, మొబైల్‌లో ఏవో నంబర్లు చూసుకున్నాడు, చివరికి కొండవైపు చూపించి "టవర్ అటువైపు ఉందండి, మధ్యలో ఇదుంది" అన్నాడు. పాపం నిజాయితీ గల మనిషి, డబ్బా అంటగట్టి పోలేదు, డబ్బులు వెనక్కి వచ్చాయి. మావయ్య మంచం మీద నుంచే "ఇంకో పదేళ్లు ఆగండి, కొండ అయిపోతుంది, సిగ్నల్ దానంతటదే వస్తుంది" అన్నారు. నవ్వుకున్నాం గానీ, నేను పెళ్లై వచ్చినప్పుడు ఉన్న కొండకీ ఇప్పుడున్న కొండకీ తేడా తెలుస్తూనే ఉంది.

ఇక మిగిలింది లోకల్ కేబుల్ ఆపరేటర్ ఫైబర్. 100 ఎంబీపీఎస్, నెలకి 499, జీఎస్టీతో 589 పడుతుంది. ఇన్‌స్టాలేషన్‌కి 1,500 అడిగారు, ఆరు నెలలు ముందే కడితే అది మాఫీ అన్నారు, కట్టాం. ఇది నా మొదటి తప్పు, ఎందుకో తర్వాత చెప్తా. ఒక మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వైరు చుట్ట వేసుకొచ్చి, కరెంటు స్తంభం మీద ఉన్న పెట్టె నుంచి మా పిట్టగోడ దాకా నల్లటి సన్న వైరు లాగి, గంటన్నరలో పని ముగించారు. కనెక్షన్ ఇచ్చినంతవరకు పదికి పది. మజ్జిగ తాగి వెళ్లారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి, రాతి ఇళ్లవాళ్లు గమనించుకోండి. మా ఇల్లు పాతది, కొండ రాయితోనే కట్టింది, గోడలు అడుగున్నర మందం ఉంటాయి. రౌటర్ ముందు గదిలో పెట్టారు. ఆ గదిలో 90 పైన వచ్చే స్పీడ్ రెండో గదిలోకి వెళ్లేసరికి పదిహేను, వంటింట్లో సున్నా. నెల రోజులు ఆపరేటర్‌ని తిట్టుకున్నాను, తప్పు వాళ్లది కాదు, గోడది. చివరికి లాన్ కేబుల్ ఇరవై మీటర్లు కొని, కిటికీ సందులోంచి నా గదిలోకి లాగి, అక్కడ ఇంకో పాత రౌటర్ పెట్టుకున్నా. ఖర్చు ఐదొందల లోపే. ఇలాంటి ఇల్లయితే రౌటర్ ఎక్కడ పెట్టాలో వైరు లాగకముందే తేల్చుకోండి, లాగాక ఆ కుర్రాళ్లు మళ్లీ దొరకరు.

స్పీడ్ సంగతికి వస్తే, స్పీడ్ టెస్ట్ పెడితే ఎప్పుడూ 92, 94 చూపిస్తుంది. రాత్రి ఎనిమిదికి కూడా అంతే. అయినా ఆ టైమ్‌కి లాగిన్ అయితే ఆఫీస్ స్క్రీన్ మాత్రం ఈడ్చుకుంటూ వచ్చేది. పక్కగదిలో అత్తయ్య యూట్యూబ్‌లో ప్రవచనం హాయిగా, ఒక్కసారి కూడా ఆగకుండా చూస్తున్నారు. ఇదేం మాయ అని కొన్నాళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాక మా తమ్ముడు (వాడు బెజవాడలో నెట్‌వర్క్ పనే చేస్తాడు) చెప్పాడు. "అక్కా, టెస్ట్ యాప్ దగ్గర్లో ఉన్న సర్వర్‌నే పట్టుకుంటుంది, ఒక్కోసారి అది మీ ఆపరేటర్‌కి నెట్ ఇచ్చే వాళ్లదే అయి ఉంటుంది. యూట్యూబ్ కూడా అంతే, బాగా చూసే వీడియోలు దగ్గర్లోని సర్వర్లలోనే దాచిపెట్టి ఉంటాయి. నీ ఆఫీస్ సర్వర్ దూరంగా ఉంది, అక్కడికి వెళ్లే దారి ఆపరేటర్ డబ్బులు పెట్టి కొనుక్కోవాలి, అది తక్కువ కొంటాడు." టెస్ట్‌లో సర్వర్ మార్చి ముంబై పెట్టమన్నాడు. పెట్టాను. రాత్రి ఎనిమిదిన్నరకి పదకొండు వచ్చింది. పొద్దున అదే ముంబైకి ఎనభై.

కాబట్టి కనెక్షన్ తీసుకోబోయేవాళ్లు పక్కింటికి వెళ్లి స్పీడ్ టెస్ట్ చూసి మురిసిపోకండి, రాత్రి పూట, దూరపు సర్వర్ పెట్టి చూడండి. ఇంటింటికీ వచ్చే గాజు తీగకి సామర్థ్యం బోలెడు ఉంటుంది, ఒకే లైనుని చాలా ఇళ్లకి పంచే, మామూలుగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక్కో లైను రెండున్నర గిగాబిట్లు మోస్తుంది, దాన్ని ముప్పై రెండు ఇళ్లకి పంచినా ఇరుకు కాదు. ఇరుకంతా అవతల, ఆపరేటర్ కొనుక్కునే దారిలో ఉంది. నా పని పగలే కాబట్టి నేను సర్దుకున్నా. రాత్రి షిఫ్టు వాళ్లు ఈ ఆపరేటర్ దగ్గర తీసుకోవద్దనే చెప్తాను.

ఇప్పుడు అసలు గోల. వైరు.

మా రాష్ట్రంలో ఊళ్లకి ఫైబర్ వచ్చిన తీరు తెలిసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. భూమి తవ్వి వైరు పూడ్చాలంటే ఖర్చు ఎక్కువ, మా ఊళ్లాంటి చోట అయితే జానెడు తవ్వగానే రాయి తగులుతుంది. అందుకే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్ వాళ్లు కరెంటు స్తంభాల మీదుగానే లైను లాగారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అంటే అప్పట్లో మావయ్య నమ్మలేదు. తక్కువ ఖర్చులో ఊళ్లు కలపాలంటే అదే దారి, కాదనను. ప్రైవేటు ఆపరేటర్లూ అదే బాట పట్టారు. కాకపోతే స్తంభం మీద వైరంటే గాలికీ, కొమ్మకీ, కోతికీ, మా ఊళ్లో అయితే టిప్పర్‌కీ అందే ఎత్తులో ఉన్నట్టే. ఊళ్లకి ఫైబర్ ఇవ్వాలని కేంద్రం 2011లో మొదలుపెట్టిన భారత్‌నెట్ అయినా పంచాయతీ ఆఫీసు దాకా తీసుకొచ్చే పథకంగానే పుట్టింది. ఆ గుమ్మం నుంచి మన గుమ్మం దాకా ఉన్న కిలోమీటరున్నర ఎప్పుడూ ఎవరో ఒక చిన్న ఆపరేటర్ చేతిలోనే ఉంటుంది.

మా కిలోమీటరున్నరలో ఎనిమిది వందల మీటర్లు క్రషర్ రోడ్డు పక్కనే. కంకర దింపేసి, వెనక తొట్టి ఎత్తింది ఎత్తినట్టే ఉంచి, దించడం మర్చిపోయి బయల్దేరే డ్రైవర్లు నెలకి ఒకరైనా తగులుతారు. పదకొండు నెలల్లో మా లైను పద్నాలుగు సార్లు తెగింది, క్యాలెండర్ మీద సున్నా చుట్టి పెట్టుకున్నాను. అందులో తొమ్మిది టిప్పర్ల ఖాతాలోనివి. రెండు కోతులు. ఒకటి గాలివాన. మిగతా రెండూ ఎందుకు తెగాయో దేవుడికే తెలియాలి. పట్టాభిపురంలో అమ్మ వాళ్లింట్లో అదే డబ్బులకి అదే స్పీడ్, రెండేళ్లలో ఒక్కసారి తెగింది, అది కూడా డ్రైనేజీ తవ్వకంలో.

కార్తీక మాసంలో ఒక సోమవారం, నా క్వాలిటీ ఆడిట్ రోజు. పదకొండింటికి రౌటర్ మీద పచ్చ లైటు పోయి ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలైంది. బయటికెళ్లి చూస్తే మూడు స్తంభాల మేర వైరు రోడ్డు మీద పాములా పడి ఉంది, దాని మీంచే టిప్పర్లు పోతున్నాయి. కాల్ సెంటర్‌కి చేశాను. అమ్మాయి చాలా మర్యాదగా "ఇరవై నాలుగు గంటల్లో క్లియర్ అవుతుంది మేడమ్" అంది. సాయంత్రం నాలుగింటికి "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. వైరు ఇంకా రోడ్డు మీదే ఉంది. అన్నింటికన్నా నాకు ఒళ్లు మండింది ఈ మెసేజ్‌కే. తెగడం వాళ్ల తప్పు కాదు, అతకడం ఆలస్యమైతే అర్థం చేసుకుంటా, అతక్కుండానే అతికిందని రాయడం ఏమిటండీ? మళ్లీ ఫోన్ చేస్తే పాత ఫిర్యాదు మూసేశారు కాబట్టి కొత్త ఇరవై నాలుగు గంటలు మళ్లీ మొదలు. ఆ రోజు సెలవు పెట్టుకున్నాను, ఆడిట్ వాయిదా పడింది, టీమ్ లీడ్ "మీ ఊరి టిప్పర్ కథలు బాగుంటాయండీ" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం లైన్ కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి, మా కనెక్షన్ ఇచ్చినవాళ్లలో ఒకడే. పని చూద్దామని గొడుగేసుకుని వెళ్లాను. బండి సీటు మీద టవల్ పరిచి దాని మీద పచ్చళ్ల జాడీ అంత సైజులో ఒక మిషన్ పెట్టాడు. నల్ల తొడుగు ఒలిచి, లోపల తెల్ల పూత గీకి తీసేశాక మిగిలింది చూస్తే వెంట్రుక కంటే పెద్దగా లావేం లేదు, మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. వెలుగు వెళ్లే దారి దాని నడుమ ఇంకా సన్నగా, తొమ్మిది మైక్రాన్లే. స్పిరిట్ దూదితో తుడిచాడు, కొస సమానంగా కత్తిరించాడు, మిషన్‌లో అటూ ఇటూ పెట్టాడు, చిన్న తెర మీద రెండు గీతలు ఎదురెదురుగా కనిపించాయి. ఇక అతకడమే తరువాయి అనుకున్నా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బాబూ, ఆగావు?"

"క్రషర్ ఆపనీయండక్కా. ఒంటిగంటకి భోజనాలకి ఆపుతారు. ఇప్పుడు పెడితే డస్ట్ పడి జాయింట్ పాడవుద్ది, మళ్లీ వారానికి మీరే ఫోన్ చేస్తారు."

పది నిమిషాలు ఆగాం. క్రషర్ ఆగింది, ఆ మోత ఆగితే చెవుల్లో ఖాళీ అయినట్టుంటుంది, ఊరికే చిలకల అరుపులు వినిపించాయి. తడి కండువా ఒకటి తల మీంచి మిషన్ దాకా గుడారంలా కప్పుకుని, మీట నొక్కాడు. చిటుక్కుమని నిప్పురవ్వ. అతుకు దగ్గర పోయే వెలుగు, అంటే నష్టం, తెర మీద 0.02 అని వచ్చింది. చూశారా అన్నట్టు నావైపు తిప్పాడు. ఇలా ఒక్కో చోట ఆరు తీగలు, రెండు చోట్ల. తర్వాత మా ఇంటికొచ్చి వైరులో వెలుగు ఎంత వస్తుందో కొలిచే పవర్ మీటర్ పెట్టి చూస్తే మైనస్ ఇరవై రెండు. మైనస్ ఇరవై ఏడు దాటితే రౌటర్‌కి వెలుగు అందదట, ఇది బాగున్నట్టే అన్నాడు. మధ్యలో ఎవరో ఇంకో కుర్రాడు అతికినప్పుడు మైనస్ ఇరవై ఆరు వచ్చిన సందర్భం ఉంది, వారం తిరక్కుండా ఎర్ర లైటు. మీ ఇంటికి ఎవరైనా లైను బాగుచేయడానికి వస్తే వెళ్లిపోయేముందు ఆ మీటర్ నంబర్ చూపించమని అడగండి. వాళ్లకీ తెలుస్తుంది మీకు తెలుసని.

ఆ రోజే ఇంకో పని కూడా చేశాడు, ఎవరూ అడక్కుండానే. రోడ్డు దాటే చోట వైరుని పాత ఇనుప పైపు కట్టి నాలుగడుగులు పైకి లేపాడు. అప్పట్నుంచి ఆ ఒక్క చోట తెగలేదు. ఇంత చిన్న పని మొదటి రోజే కంపెనీ ఎందుకు చేయించలేదో నాకైతే అర్థం కాలేదు. కాటా ఆఫీసులో మావారు చెప్పి డ్రైవర్లకి తొట్టి దించమని బోర్డు కూడా పెట్టించారు. బోర్డు చదివే డ్రైవర్ ఎక్కడున్నాడో తెలీదు.

కరెంటు గురించి రెండు ముక్కలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఢోకా లేదనుకున్నా. ఊళ్లో ఆపరేటర్ మిషన్లు కిరాణా కొట్టు మేడ మీద గదిలో ఉన్నాయి, దానికి ఒక బ్యాటరీ, అది రెండు గంటలు వస్తుంది. మూడో గంట నుంచి మన ఇన్వర్టర్ ఉన్నా లేనట్టే. కనెక్షన్ తీసుకునేముందు "మీ బ్యాకప్ ఎన్ని గంటలు" అని అడగండి, దీన్ని ఎవరూ అడగరు.

కాటా ఆఫీసుకి కూడా ఇదే లైను. లోడు బయటికి వెళ్లాలంటే పర్మిట్ ఆన్‌లైన్‌లో తీయాలి కదా, నెట్ పోతే టిప్పర్లు వరసగా నిలబడిపోతాయి. మరి తమ లోడు ఆగిపోయే వైరుని తమ టిప్పర్లే తెంపుకుంటున్నాయి. దీనికి ఏమనాలో మీరే చెప్పండి.

ఆఫీసుకి లైను ఉంది, మా ఇంటికుంది, ఊళ్లో నాకు తెలిసి అరవై ఇళ్లకి పైనే ఉంది. కొండ మొదట్లో రేకుల షెడ్లు ఉన్నాయి, ఒడిశా నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు, రాయి కొట్టేది వాళ్లు. వాళ్లకి లేదు. ఆపరేటర్‌ని అడిగితే "వాళ్లు సీజన్ అవ్వగానే పోతారు మేడమ్, రౌటర్ ఎవరిస్తారు తిరిగి" అన్నాడు. సాయంత్రం ఆరు దాటితే కిరాణా కొట్టు అరుగు మీద వరసగా కూర్చుని ఇంటికి వీడియో కాల్స్ చేసుకుంటుంటారు, ఆ గోడ దగ్గరే మొబైల్ సిగ్నల్ కాస్త బాగుంటుందని. కొట్టువాళ్లు లైసెన్స్ ఏమీ లేకుండానే వైఫైని పది, ఇరవై రూపాయలకి అమ్ముకోవచ్చని 2020 డిసెంబర్‌లో పీఎం-వాణి అనే పథకానికి కేంద్రం ఒప్పుకుంది. ఆపరేటర్ మిషన్లు ఉన్నది ఆ కొట్టు మేడ మీదే, కింద అరుగు మీద కూర్చున్నవాళ్లు డేటా అయిపోయి రీఛార్జ్ చేయించుకుంటున్నారు. నేనైతే కొట్టాయనకి చెప్పాను, "చూద్దాంలేమ్మా" అన్నాడు. మైనింగ్ ఊళ్ల కోసమని 2015లో చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు, క్వారీల దగ్గర వసూలు చేసిన డబ్బు ఈ ఊళ్ల నీళ్లకీ, చదువుకీ, ఆరోగ్యానికీ ఖర్చుపెట్టాలని. షెడ్లలో పిల్లలు ఫోన్‌లో పాఠం చూసుకోవడానికి ఒక లైను, రెండు వైఫై పెట్టెలు కూడా చదువు కిందికే వస్తాయని నా ఉద్దేశం. గ్రామసభలో అడిగే ధైర్యం మావయ్యకి ఉంది, మోకాలు బాగయ్యాక వెళ్తానన్నారు.

సరే, కొనబోయేవాళ్లకి నా మాట. ఆరు నెలలు ముందే కట్టకండి. కట్టాక ఫోన్ ఎత్తే తీరు మారుతుంది, ఇది నా అనుభవం. నెలకో, మూడు నెలలకో కట్టండి, ఇన్‌స్టాలేషన్ డబ్బులు పోతే పోయాయి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి, ఇవ్వాలన్నది టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ నిబంధనే. బాగుచేయకుండా మూసేస్తే ఆ నంబర్‌తో వాళ్ల కంపెనీలోనే ఉండే, అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి రాయొచ్చు. నేను ఒకసారి రాశాను, నాలుగో రోజు ఫోన్ చేసి ఎనిమిది రోజులు వ్యాలిడిటీ పెంచారు. పరిష్కరించబడింది మెసేజ్‌లు ఆ తర్వాత ఆగాయి.

స్టార్లు ఐదుకి మూడున్నర. పగటి స్పీడ్‌కి ఒకటి, ధరకి ఒకటి. మిగతా ఒకటిన్నరా లైన్ కుర్రాడివి, కంపెనీవి కావు. వాడి నంబర్ ఫ్రిజ్ మీద అతికించి పెట్టుకున్నా, కాల్ సెంటర్ కంటే ముందు వాడికే చేస్తాను, క్రషర్ భోజనాల టైమ్‌కల్లా వచ్చేస్తాడు. మొన్న వచ్చినప్పుడు గుంటూరులో అపార్ట్‌మెంట్ల ఏరియాకి మార్చమని అడిగానని చెప్పాడు, అక్కడైతే జీతం రెండు వేలు ఎక్కువట, దగ్గు కూడా తగ్గుతుందని వాళ్లమ్మ గొడవట. వెళ్లొద్దని నోటిదాకా వచ్చింది, అనలేదు. వాడు వెళ్లిన రోజు ఇక్కడికే వచ్చి స్టార్లు రెండుకి దించుతాను.